తాతయ్య బయటపెట్టిన రహస్యం

సైన్యంలో గూఢచార విభాగానికి పెద్దగా పనిచేసి రిటైరైన తాతయ్య, ఎన్నికల్లో నిలబడ్డాక కూడా గోడకు వీపు ఆనించి, తలుపుకేసి చూస్తూనే కాఫీ తాగేవాడు. "చక్కెర సరిపోయిందా?" అని అమ్మమ్మ అడిగితే, "ఎవరడగమన్నారు?" అనేవాడు. ఓట్ల కోసం వీధిలోకి దిగిన తొలిరోజే దర్జీ చెయ్యి పట్టుకుని, "మీ అల్లుడు మళ్లీ ఉద్యోగం మానేశాడట కదా, పాపం" అన్నాడు ప్రేమగా. ఆ సంగతి దర్జీ భార్యకే తెలియదు. మధ్యాహ్నానికల్లా వీధంతా తలుపులు మూసుకుంది. "తెలిసినా తెలియనట్టు అడగాలండీ. లేకపోతే ఓటు కాదు కదా, మంచినీళ్లు కూడా ఇవ్వరు" అంది అమ్మమ్మ.

సాయంత్రం ఎండ తేనెరంగుకు తిరిగింది. ఆరేసిన దుప్పట్లు తెరచాపల్లా ఉబ్బి, వీధి మొత్తం ఎక్కడికో తేలిపోతున్నట్టుంది. తెరిచి ఉన్న ఒకే ఒక్క గుమ్మంలో ముసలావిడ బఠానీలు ఒలుస్తోంది. "మీకెంతమంది పిల్లలమ్మా?" అన్నాడు తాతయ్య, ఏమీ తెలియనట్టు. "ముగ్గురు నాయనా. మరి నీకో?" అందావిడ. తాతయ్యకు ఎదురు ప్రశ్న వేసినవాళ్లు అంతవరకూ లేరు. అలవాటుగా వెనక గోడ కోసం తడుముకుంటే, మెత్తగా దుప్పటి తగిలింది. గొంతు తగ్గించి, "ఒక్క కూతురు. దానికో పిల్లపిడుగు. నేను నిద్రపోతే మీసాలకు రిబ్బను కడుతుంది" అన్నాడు. ఆవిడ నవ్వి, పక్కకు జరిగి చోటిచ్చింది. తాతయ్య వీధికి వీపు పెట్టి కూర్చుని బఠానీలు ఒలవసాగాడు. వెనక ఒక్కొక్క తలుపే తెరుచుకుంటున్న చప్పుడు వినిపించినా, తిరిగి చూడలేదు.