దొరగారూ, గేదే, నేనూ

రాజమహేంద్రవరం దిగువన కాలువగట్టు బడిలో నేను హెడ్మాస్టరుగా చేరిన కొత్త. వానాకాలంలో ఇన్‌స్పెక్టరు దొరగారు తనిఖీకి పడవలో వస్తున్నారని కబురొచ్చింది. రేవు నుంచి బడిదాకా మోకాలిలోతు బురద. ఆయన్ని ఎలా తీసుకురావాలో చెప్పమని మా ముగ్గురు మాస్టర్లనీ అడిగాను.

“తమరెలా సెలవిస్తే అలాగేనండి.”

ఒక్కరైనా కాదంటారేమోనని, “పోనీ, గేదెనెక్కించి తెద్దామా?” అన్నాను.

“చిత్తమండి!”

మర్నాడు రేవులో గేదె సిద్ధం. కొమ్ములకు పసుపు, వీపున చాప. దొరగారు ముచ్చటపడి ఎక్కేశారు. నేను పలుపు పట్టుకున్నాను. కాలువ నీళ్లు చూసిన గేదె ఆగుతుందా? మా ఇద్దరితో సహా దిగిపోయింది. నోటినిండా నీళ్లతో నేను మునిగి తేలుతుంటే, గట్టుమీద మాస్టర్లు ఒకటే కేకలు.

“తోక పట్టుకోండి దొరగారూ!”

“హెడ్మాస్టరుగారూ, మీ తలపాగా విప్పి మాకు విసరండి!”

“పడవవాణ్ణి గెడ అందించమనండి!”

మూడు ఉపాయాలూ పనిచేశాయి. ఒడ్డెక్కాక లెక్కల మాస్టరుని అడిగాను: “ఈ తెలివంతా నిన్నేమైందండీ?”

“నిన్న తమరు మాట్లాడుతున్నారు కదండీ.”

దొరగారు మళ్ళీ మా ఊరు రాలేదు. నేను మాత్రం మాస్టర్లను ఏ సలహా అడగాలన్నా, ముందు పెద్ద కిళ్ళీ ఒకటి బుగ్గన పెట్టుకుని కూర్చుంటున్నాను. ఇక నేను నోరు తెరవలేను, వాళ్ళు ముయ్యరు.