ఇంజన్‌కు అమ్మ పెట్టిన బొట్టు

నిన్న తాండూరులో ఒక మెకానిక్ ఇంజన్ పళ్లచక్రాలకు రంగుతో గుర్తులు పెడుతుంటే అమ్మ మైనం భరిణె గుర్తొచ్చింది. బొట్టు రాలకుండా కింద అద్దుకునే మైనం, మీ ఇళ్లలోనూ అద్దం దగ్గర ఉండేది కదా?

అరవైల్లో నాన్న పందెం కారుది గాలికే చల్లబడే ఇంజన్. వికారాబాద్ పందెం రేపనగా, వాల్వులను ఎత్తే క్యామ్‌షాఫ్ట్ అరిగిపోయింది. మళ్లీ అలాగే బిగించాలంటే, విప్పేముందు పళ్లచక్రాలు కలిసేచోట గుర్తు పెట్టుకోవాలి.

"సుద్దతోని గీస్తే నూనెకు పోతున్నది," అని నాన్న పరేషాన్ అయ్యాడు.

అమ్మ ఆ పళ్లు తుడిచి, మైనం అద్ది, కుంకుమ పెట్టింది. "చెమటకు పోనిది నూనెకు పోతదా?"

కొత్త క్యామ్‌షాఫ్ట్‌కు ఆ పళ్లచక్రమే బిగించి నాన్న బొట్టుకు బొట్టు కలిపాడు. తిప్పగానే ఇంజన్ గర్జించింది. మర్నాడు మా కారే మొదట వచ్చింది!

గెలిచిన నాన్న నుదుట అదే భరిణెలోని మైనం అద్ది బొట్టు పెడుతూ అమ్మ అంది: "ఇంజనే తుడుసుకోలె, నువ్వు తుడుసుకోకు!"