బ్రాంట్ గారి బూడిదరంగు పిట్ట

రాజ్యశ్రీకి పిట్టల సంగతి ఏం తెలుసని! ఖమ్మం నుంచి హానోవర్‌కు మాస్టర్స్ చదవడానికి వచ్చి, బ్రాంట్ అనే పెద్దాయన ఇంట్లో పైగది అద్దెకు తీసుకుంది, అంతే. ఆయనేమో ముప్ఫై ఏళ్లుగా ప్రతి చలికాలం ఊరవతల చిత్తడి బీడులో పిట్టల్ని లెక్కపెట్టే మనిషి. ఈ ఏడు తుంటికి ఆపరేషనైంది. నడవమని డాక్టర్లు మొత్తుకుంటున్నా మంచం దిగడు.

“ఉత్తరం నుంచి చలికి ఒక పిట్ట వస్తుంది. బూడిదరంగు ఒళ్లు, కళ్లకు అడ్డంగా నల్లటి పట్టీ. రెండేళ్లుగా కనబడలేదు. కాస్త చూసి చెప్తావా?” అని తన బైనాక్యులర్ ఆమె చేతిలో పెట్టాడు.

ఆరు ఆదివారాలు తిరిగింది పిచ్చిపిల్ల. బూట్ల నిండా నీళ్లే తప్ప పిట్ట లేదు. ఆమె “లేదండీ” అన్న ప్రతిసారీ ఆయన గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఫిజియోథెరపీ అపాయింట్‌మెంట్లన్నీ రద్దు చేసుకున్నాడు. ఈయన ఇక లేవడేమోనని ఆమెకు భయం పట్టుకుంది.

“చూసిన్నని చెప్పెయ్ రాదూ! ముసలాయన పానం నిమ్మళమైతది,” అన్నాడు క్లాస్‌మేట్ శశికాంత్. నిజమే మరి, మన ఇళ్లలో మంచాన పడ్డవాళ్లకు చేదుమాట ఎవరు చెప్తారు? ఏడో ఆదివారం ఆమె అబద్ధమాడేసింది. ఒక్క పిట్టంటే ఏం బాగుంటుందని, దానికో తోడును కూడా కల్పించింది మహాతల్లి!

“రెండు కనబడ్డాయండీ! ఒకే కొమ్మ మీద, పక్కపక్కనే!”

ఆయన ఆమె ముఖంలోకి చాలాసేపు చూశాడు. “నా కోటు అందుకో,” అన్నాడు.

ఇంకేముంది, కోటు అందివ్వక తప్పలేదు. ఆయన వాకర్ పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ, బస్సెక్కి మరీ వచ్చాడు. బీడు అంచున బెంచీ మీద గంటసేపు కూర్చున్నారు. గాలి చెవులు కోసేస్తోంది. చలికి వణుకుతున్న ఆయన చేతులు చూసి రాజ్యశ్రీ ఏడ్చేసింది.

“క్షమించండి. నేను ఏ పిట్టనూ చూడలేదు.”

“తెలుసు,” అన్నాడాయన. “చలికాలంలో అది ఒంటరిగానే ఉంటుంది. ముప్ఫై ఏళ్లలో నేనెప్పుడూ జంటను చూడలేదు.”

“మరి తెలిసీ ఎందుకొచ్చారు?”

“నేను లేవాలని ఒక మనిషి ఇంత అబద్ధం ఆడితే, ఇంకా పడుకునే ఉంటానా?”