వదినకి జపాను కత్తి

ఒక్క కత్తి కొనడానికి ఇంతమంది సలహాలు వినాల్సి వస్తుందని ముందే తెలిస్తే చంద్రిక ఆ మాట ఎత్తేదే కాదు. కర్లపాలెం హైస్కూల్లో లెక్కలు చెప్పే మనిషి. ఎనిమిదో తరగతికి బీజగణితం తలకెక్కించడంలో ఇన్నేళ్లుగా పోని ఓపిక ఈ కత్తి వ్యవహారంలో వారం తిరక్కుండా పోయింది.

కత్తి తనకోసం కాదు, తెనాలిలో ఉన్న వదిన వేదవతి కోసం. చంద్రిక బీఎడ్ చదివింది తెనాలిలో అన్నయ్య ఇంట్లో ఉండే. పొద్దున్నే కాలేజీకి బయలుదేరేసరికి వేడన్నం, డబ్బాలోకి కూర సిద్ధంగా ఉండేవి. వేదవతి నేలమీద కూర్చుని, ఒక కాలు కత్తిపీట మీద వేసి, రెండు చేతులతో బెండకాయలు పట్టుకుని అలా తోస్తుంటే ముక్కలన్నీ ఒకే మందాన పళ్లెంలోకి రాలిపడేవి. అటు మాటలు సాగుతుండేవి, ఇటు చేతులు సాగుతుండేవి. పీట వైపు చూసేది కూడా కాదు.

ఇప్పుడు వేదవతి రెండు మోకాళ్లకీ ఆపరేషన్ అయింది. నేలమీద కూర్చోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. మర్నాడే అన్నయ్య వెంకటరాఘవయ్య కత్తిపీటని అటక ఎక్కించి, కోటిరత్నం అనే ఆవిడని వంటకి కుదిర్చాడు. కోటిరత్నం మంచిదే. కానీ దొండకాయని నాలుగు ముక్కలు చేస్తే అందులో రెండు లావు, ఒకటి సన్నం, ఒకటి స్టవ్ కింద తేలేది. చూడలేక వేదవతి తనే నిలబడి తరుగుదామని బజారులో దొరికే ప్లాస్టిక్ పిడి కత్తి పట్టుకుంది. రెండుసార్లు వేలు తెగింది. దాంతో అన్నయ్య వేదవతిని వంటింటి ఛాయలకి రానివ్వడం మానేశాడు.

మొన్న చంద్రిక వెళ్లినప్పుడు వేదవతి హాల్లో కుర్చీలో కూర్చుని ఉంది. "పీటతోపాటు నన్ను కూడా అటక మీద పెట్టేస్తే సరిపోయేదమ్మాయ్" అంది. నవ్వుతూనే అంది. బాపట్లలో తన ఇంటికి తిరిగొచ్చాక కూడా ఆ నవ్వు చంద్రికకి మింగుడుపడలేదు.

పనికిమాలిన కత్తి కాబట్టి వేలు తెగింది. మంచి కత్తి ఇస్తే వదిన మళ్లీ వంటింట్లోకి వెళ్తుంది. లెక్కల టీచరుకి ఇంతకంటే తేలికైన లెక్క కనబడలేదు.

మంచి కత్తంటే జపాను కత్తే అన్నాడు భర్త గిరీష్. ఆయనకి వెల్లుల్లి ఒలవడం కూడా రాదు. అయినా ఆ రాత్రి నుంచి సెల్ ఫోనులో కత్తుల వీడియోలు చూడటం మొదలుపెట్టి, ఏ ఉక్కుకి ఎంత గట్టిదనమో, ఏ ఊళ్లో కమ్మరులు ఎన్ని పొరలు వేసి కొడతారో అన్నం ముందు కూర్చుని వల్లించేవాడు.

"పులుపు తగిలితే నల్లబడే ఉక్కూ ఉంది, నల్లబడనిదీ ఉంది చంద్రికా. ఏది కావాలో ముందు తేల్చుకోవాలి."

"చారు చల్లారిపోతోంది, ముందు అది తేల్చండి" అనేది చంద్రిక.

స్టాఫ్ రూములో తెలుగు టీచరు స్వర్ణలత ఇంకో మెలిక పెట్టింది. "కత్తి బహుమతిగా ఇస్తే ఇద్దరి మధ్యా బంధం తెగిపోతుందంటారండి మేడం. మీకెందుకండి ఆ గొడవ, మిక్సీ ఇవ్వండి." మిక్సీ వదిన ఇంట్లో రెండున్నాయి. మోకాళ్ల ఆపరేషనుకి చూడవచ్చిన వాళ్లిచ్చినవే.

ఇక అన్నయ్య. ఆయన కాలేజీలో సంస్కృతం చెప్పి రిటైరయ్యాడు. రిటైరయ్యాక వినే క్లాసు లేక ఫోనులో చెల్లెలికే చెబుతుంటాడు.

"ఇనుము ఊరికే పుచ్చుకోకూడదే. శనిదానం కిందికొస్తుంది."

"స్టీలన్నయ్యా అది."

"స్టీలు మాత్రం ఇనుములోంచి రాలేదా? అయినా జపాను వాళ్లు పొద్దున లేస్తే చేపలు తింటారు. చేపలు కోసే కత్తిని తీసుకొచ్చి మనింట్లో పెడతావా?"

"కొత్తదన్నయ్యా. అది ఇంకా ఏ చేప మొహమూ చూడలేదు. అసలు కూరగాయల కోసమే చేసింది."

అరగంట వాదించాక ఆయన ఒక దారి చూపించాడు. వేదవతి చంద్రికకి ఒక రూపాయి ఇచ్చి కొనుక్కున్నట్టు తీసుకోవాలి. అప్పుడు అది దానమూ కాదు, బంధమూ తెగదు. చంద్రిక సరేనంది. కత్తికి డబ్బు కడుతున్నది తనే అయినా, తెనాలి లెక్కలో తను అమ్మే మనిషి, వదిన కొనే మనిషి అయింది.

హైదరాబాదులో జపాను సరుకు తెప్పించి అమ్మే షాపుకి చివరికి తనే ఫోను చేసింది. అప్పుడు కర్లపాలెంలో బస్సు కోసం ఎండలో నిలబడి ఉంది. షాపతని పేరు వినోద్ కుమార్. మర్యాదస్థుడే గాని ప్రశ్నలు ఆపడు. ఏ కూరలు ఎక్కువ తరుగుతారు, చెక్క మీదా ప్లాస్టిక్ మీదా, కడిగి తుడుస్తారా, అలాగే వదిలేస్తారా. దూరంగా బస్సు కనబడింది.

"ఇంకొక్కటి మేడం. ఈ కత్తికి ఒకవైపే పదునుంటుంది, చేతివాటం మారితే వంకరగా కోస్తుంది. వాడేవాళ్లది కుడిచేతి వాటమా, ఎడంచేతి వాటమా?"

"కుడే బాబూ. మా ఇళ్లల్లో ఎడంచేత్తో వంటెవరు చేస్తారు? ముందు పంపించండి" అని ఫోను పెట్టేసి బస్సెక్కింది.

పార్సిలు వచ్చిందీ వచ్చిందీ శనివారమే వచ్చింది. "శనివారం ఇనుము గడప దాటించావా?" అన్నాడు అన్నయ్య ఫోనులో. "దాటించింది నేను కాదు, కొరియర్ వాళ్లు" అంది చంద్రిక. ఆదివారం రైల్లో తెనాలి చేరేసరికి, కత్తి ఒడిలో పెట్టుకుని కూర్చున్నందుకో ఏమో, పక్కనున్న ప్రతి మనిషి మీదా విసుగొచ్చింది.

అన్నయ్య పెట్టెని చేతికి ఇవ్వనివ్వలేదు. చెక్కపీట మీద పెట్టమన్నాడు. పక్కన రూపాయి బిళ్ల సిద్ధంగా పెట్టాడు. వేదవతి మూత తీసింది. వెడల్పాటి పలచని రేకు, తెల్లటి చెక్క పిడి. మొహం వెలిగింది. డైనింగ్ టేబుల్ దగ్గర నిలబడి దొండకాయ పెట్టుకుని కోసింది. కత్తి జారింది. ఇంకోటి కోసింది. ముక్క ఒకవైపు లావు, ఒకవైపు సన్నం.

"చూశావా? ఆ వేలు మళ్లీ తెగుతుంది. ఈ వయసులో కొత్త విద్యలెందుకు?" అన్నాడు అన్నయ్య.

వేదవతి కత్తి తుడిచి పెట్టెలో పెట్టేసింది. "నా చేతికి రాదులే అమ్మాయ్. నువ్వే వాడుకో." రూపాయి అక్కడే ఉండిపోయింది.

చంద్రికకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఇంతమందిని బతిమాలి, ఇన్ని మాటలు పడి, చివరికి దొండకాయ దగ్గర ఓడిపోవడమా? భోజనాలయ్యాక అన్నయ్య నడుం వాల్చాడు. మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లబోయి చంద్రిక గుమ్మంలోనే ఆగింది. వేదవతి ఇటు వీపు పెట్టి గట్టు ముందు నిలబడి ఉంది. జపాను కత్తితోనే తరుగుతోంది. చెయ్యి జారడం లేదు, తొట్రుపాటు లేదు. ముక్కలు మాత్రం అన్నీ ఒకే పక్కకి వాలి పడుతున్నాయి. కత్తి ఉన్నది ఎడం చేతిలో.

చంద్రిక అడుగు చప్పుడికి వేదవతి గబుక్కున కత్తిని కుడిచేతిలోకి మార్చుకుంది.

"మార్చకు వదినా. నేనే."

వేదవతి కత్తి కింద పెట్టి గట్టుకి ఆనుకుంది. "రేపల్లెలో మా నాయనమ్మ ఈ చేతికి గుడ్డ చుట్టి కట్టేసేది. తిండి కుడి, రాత కుడి, వడ్డన కుడి. అన్నీ అలవాటు చేసుకున్నా. కత్తిపీట దగ్గర మాత్రం ఎవరూ ఏమీ అన్లేదే. దానికి రెండు చేతులూ కావాలి కదా, ఏ చెయ్యి నడిపిస్తోందో చూసేవాళ్లకి తెలీదు. నాకు అదొక్కటే హాయిగా ఉండేది."

"అన్నయ్యకి తెలుసా?"

"ఇన్నేళ్లకి ఇప్పుడు చెప్పమంటావా? ఇంతకాలం ఎడంచేతి వంట తిన్నానని తలస్నానం చేస్తారు."

చంద్రికకి నవ్వు రాలేదు. నాయనమ్మ మీద మండింది, హాల్లో గురక పెడుతున్న అన్నయ్య మీద మండింది. అందరికంటే తన మీద తనకే ఎక్కువ మండింది. గిరీష్ వీడియోలు విన్నది, స్వర్ణలత శాస్త్రం విన్నది, అన్నయ్య శనిదానం విన్నది. కత్తి పట్టాల్సిన మనిషిని ఒక్క ముక్క అడగలేదు. హైదరాబాదులో ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు అడిగితే, బస్సు వస్తోందని అడ్డంగా కొట్టిపారేసింది.

ఆ కత్తిని సంచిలో వేసుకుని చంద్రిక బాపట్ల వెళ్లిపోయింది. వినోద్ కుమార్‌కి మళ్లీ ఫోను చేసి ఎడంచేతి కత్తి తెప్పించమంది. అది రావడానికి నెల పైనే పట్టింది. గిరీష్ ఆ నెలంతా మొదటి కత్తిని తువ్వాలుతో తుడుస్తూ గడిపాడు, ఒక్క ఉల్లిపాయ కొయ్యలేదు.

ఈసారి తెనాలిలో చంద్రిక పెట్టెని తిన్నగా వంటింటి గట్టు మీదే పెట్టింది. కోటిరత్నాన్ని పక్కకి జరగమంది. "నీ చెయ్యి ఏదైతే దాంతోనే పట్టుకో వదినా" అంది, గుమ్మంలో నిలబడ్డ అన్నయ్యకి వినబడేలా.

వేదవతి భర్త వైపు చూసింది. తర్వాత కత్తి ఎడం చేతిలోకి తీసుకుంది. మొదటి దొండకాయ నిదానంగా కోసింది. రెండోదానికి చెయ్యి కుదిరింది. మూడోది మొదలయ్యాక మాటల్లో పడింది, గట్టు వైపు చూడటం మానేసింది. ముక్కలన్నీ ఒకే మందాన పడుతున్నాయి. కోటిరత్నం నోరు తెరుచుకుని చూస్తోంది.

"ఎడంచేత్తోనా?" అన్నాడు వెంకటరాఘవయ్య.

వేదవతి నాలుగో దొండకాయ అందుకుంది. దాంతో ఆయన తనకి బాగా తెలిసిన విషయానికి వచ్చాడు. "ముందు దానికి రూపాయి ఇవ్వు. ఊరికే పుచ్చుకోకూడదు."

వేదవతి కత్తి పక్కన పెట్టి, పోపులడబ్బా వెనకనుంచి రూపాయి బిళ్ల తీసి చంద్రికకి చాపింది. సగం దూరం వచ్చాక చూసుకుంది, చాపింది ఎడం చెయ్యి. చప్పున వెనక్కి తీసుకోబోయింది.

చంద్రిక తన ఎడం చెయ్యి చాపి ఆ బిళ్ల అందుకుంది.

"ఒసేయ్, ఇచ్చిపుచ్చుకోడం కూడా ఎడంచేత్తో ఏంటే?"

"కొన్నది వదిన, అమ్మింది నేను. మధ్యలో నీకేంటన్నయ్యా?"

వేదవతి అప్పటికే మళ్లీ కత్తి అందుకుంది. "ఏవండీ, రేపట్నించి కూరలు నేనే తరుగుతానని రత్నానికి మీరే చెప్పండి" అంది, తలెత్తకుండా. కోటిరత్నం పక్కనే నిలబడి ఉంది. అయినా వెంకటరాఘవయ్య ఒకసారి గొంతు సవరించుకుని, ఆవిడ వైపు తిరిగి ఆ మాట చెప్పాడు.