తేలు పచ్చబొట్టు నోటీసు

మేడ్చల్ బస్టాండ్ ఎదుట నాకు డీటీపీ షాపు ఉండేది. పెళ్లి కార్డులు, కరపత్రాలు, కాలేజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు చేసేవాణ్ణి. నా పనికి ఎవరైనా వంక పెడితే ఊరుకునేవాణ్ణి కాదు.

రెండువేల సంవత్సరం దాటిన ఐదారేళ్లకు, మతిమరుపు ముదిరిన నాయిన ఒకరోజు శామీర్‌పేటలోని ఇంటి నుంచి బయటికెళ్లి తిరిగి రాలేదు. బొల్లారం, దుండిగల్, జవహర్‌నగర్ దాకా గోడలకు పోస్టర్లు అంటించాం. నోటీసును ఇంటర్నెట్‌లో పెడితే దేశమంతా చూస్తుందనుకుని, ఉచితంగా పేజీలిచ్చే ఒక సైటులో పెట్టాను. నా తెలుగు అక్షరాలు వేరే కంప్యూటర్లలో పిచ్చిగీతల్లా వచ్చేవి. అందుకే పెళ్లి కార్డుకు చేసినట్టే, తెలుగూ ఇంగ్లీషూ కలిపి నోటీసు మొత్తాన్ని ఒకే బొమ్మగా మార్చాను. ఫొటో కింద గుర్తు రాశాను: ఎడమ చేతి మీద తేలు పచ్చబొట్టు.

పేజీ అడుగున ఎన్నిసార్లు చూశారో చెప్పే అంకె ఉండేది. రోజూ ఆ పేజీ అడ్రసు పూర్తిగా కొట్టి తెరిచి చూసేవాణ్ణి. అంకె పెరిగేది.

"మస్తు మంది సూస్తున్నరమ్మా" అని ఇంటికెళ్లి చెప్పేవాణ్ణి. ఆ పూట అమ్మ రెండు ముద్దలు ఎక్కువ తినేది.

మూడేళ్లకు నిజామాబాద్ దగ్గరి ఒక ఆశ్రమం నుంచి కబురొచ్చింది. మంచంపట్టిన నాయిన ఒకసారి "మేడ్చల్" అన్నాడట. వాళ్లు మేడ్చల్ పోలీసులకు ఫోన్ చేస్తే మా ఫిర్యాదు దొరికిందట. మేం వెళ్లేసరికే ప్రాణం పోయింది. ఇంటర్నెట్‌లో నోటీసు పెట్టానని చెబితే, ఆశ్రమం చూసుకునే పెద్దామె నా చేతులు పట్టుకుంది.

"రెండేండ్ల కిందనే ఇంటర్నెట్ల ఎతికిచ్చిన బిడ్డా. తేలు పచ్చబొట్టు, తప్పిపోయిండు అని తెలుగుల, ఇంగ్లీషుల కొట్టిచ్చిన. ఏం రాలే."

నాకు ఒళ్లు మండింది. వెతకడం చేతగాక నా పనిని అంటోందనుకున్నాను. షాపుకొచ్చి నేనే వెతికాను. నిజంగానే లేదు.

ప్రింట్లకు వచ్చిన దుండిగల్ ఇంజనీరింగ్ కాలేజీ అమ్మాయి చూసి మెల్లగా చెప్పింది.

"అన్నా, సెర్చ్ ఇంజిన్ ఒక పేజీల ఉన్న లింకు పట్టుకొని ఇంకో పేజీకి పోతది. నీ పేజీకి యాడినుంచీ లింకు లేదు, దానికి తొవ్వే దొరకలే. దొరికినా బొమ్మల ఉన్న అక్షరాలు చదవలేదు. మాటలు కలిస్తేనే, ఎవరెవరు లింకిచ్చిన్రో గూడ సూసి, ముందు పెట్టాల్నో ఎన్క పెట్టాల్నో తేలుస్తది."

"మరి ఆ అంకె ఎట్ల పెరిగింది?"

ఆమె తల దించుకుంది. "నువ్వు తెరిచినప్పుడల్లా, అన్నా."

మూడేళ్లు నేనొక్కణ్ణే చూశాను. నాయిన మా మధ్య కన్నుమూయలేకపోయాడంటే అది నా పనితనమే. ఈ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది.

ఇగ ఎందుకని అందరూ అన్నా, ఆ వారమే నోటీసును అక్షరాలుగా మళ్లీ టైపు చేశాను. ఆ అమ్మాయి, ఆమె స్నేహితులు తమ పేజీల్లో లింకులిచ్చారు. కొన్నాళ్లకు తేలు పచ్చబొట్టు అని కొడితే మొట్టమొదట నాయినే వచ్చాడు. అమ్మను షాపుకు తీసుకొచ్చి చూపించాను. ఆమె తెర మీది దుమ్మును కొంగుతో తుడిచింది.

"గిప్పుడు అందరికీ కనవడతాండా?"

"కనవడతాండమ్మా" అన్నాను.