అన్న చేయి కొలిచి నాకిచ్చిన పిడి

మా నాయనకు వయసైపోయి, తన పిస్తోలు లైసెన్సు మా ఇద్దరిలో ఒకరి పేరుకు మార్పిస్తానన్న రోజు, మా అన్న నా చెయ్యి పట్టుకుని ఇంటిల్లిపాదికీ చూపించాడు. "ఈ చేత్తో పిస్తోలా? గోరింటాకుకైతే బాగుంటాది."

ఆ మాట అన్న మరిచిపోయాడు. నేను మరవలేదు. కళ్యాణదుర్గం దగ్గర చేను చూసుకునేది నేను, పొద్దు గూకినాక మోటారు ఆపి ఒంటరిగా వచ్చేది నేను. టౌనులో కాపురముండే ఆయనకు పిస్తోలెందుకు?

నాయన ఖాళీ పిస్తోలు నా చేతికిచ్చాడు. పిడికి రెండువైపులా లావుపాటి చెక్కలు. నా వేలికొస ట్రిగ్గర్‌ను తాకింది గానీ పట్టు దొరకలేదు.

"చెక్కలు మార్పిస్తా నాయనా."

"ఎలక్షన్లొస్తాండాయి. పిస్తోలు పోలీసు స్టేషన్లో అప్పజెప్పేలోపల తేల్చుకో పాపా. యేలు అందితే నీకు, లేకుంటే మీయన్నకు."

ముగ్గురం అనంతపురంలో తుపాకుల అంగడికి పోయాం. సన్నటి చెక్కలు కావాలని అడిగింది నేను. అంగడాయన అన్న అరచెయ్యి కొలిచి, ఉన్నవాటికన్నా లావుపాటి రబ్బరువి తీసి పెట్టాడు.

"ఏమప్పా, పట్టుకునేది నేనైతే కొలిచేది ఆయన చేతినా?"

"ఆడకూతుర్లు అడగరు కదమ్మా," అంటూ మరో రెండు జతలు తీశాడు, అవీ అన్న ముందరే పెట్టాడు. నేను నా వైపుకు లాక్కున్నాను. అల్యూమినియం రేకు అన్నిటికన్నా సన్నం, కానీ చెమట చేతిలో జారిపోయింది. నల్లచెక్క దానికన్నా రవ్వంత మందం. పైన సన్నని గీతలు చెక్కి ఉండడంతో చేతిలో కుదురుగా నిలిచింది. అదే బిగించమన్నాను.

బిగించాడు. తూటాలుండే మ్యాగజైను పిడి లోపలికి దిగలేదు.

అన్న తొడ చరిచాడు. "సూడు, పిస్తోలుకు గూడా నువ్వంటే గిట్టలేదు!"

మ్యాగజైను దూర్చే సందులోకి తొంగి చూశాను. స్క్రూ కొన లోపలికి పొడుచుకొచ్చి ఉంది.

"చెక్క సన్నమయింది, స్క్రూలు పాతవే పెడితివి కదా భాయ్? పొట్టివి ఏసి సూడు."

అంగడాయన డబ్బా వెతికి పొట్టి స్క్రూలు వేశాడు. మ్యాగజైను టక్కున కూర్చుంది. "ఔనమ్మా," అన్నాడు, మొదటిసారి నా ముఖం చూసి. అంతవరకూ అరగంటసేపు చూడలేదన్న సంగతి నాకింకా గుర్తుంది.

నాయన ఖాళీ మ్యాగజైను చూసుకుని, పిస్తోలు ఖాళీగా ఉందని మళ్లీ సరిచూసి, గోడవైపు తిప్పి నా చేతికిచ్చాడు. వేలు నిండుగా ఆనింది. అన్న కూడా తీసుకుని చూశాడు.

"ఏంది నాయనా, నా చేతిలో సబ్బుబిళ్ల మాదిరి జారతాండాది!"

"అయితే తేలిపాయె," అన్నాడు నాయన.

లైసెన్సు నా పేరుకు మారిన రోజు, దాచిపెట్టిన పాత లావుపాటి చెక్కలు తీసుకెళ్లి అన్న చేతిలో పెట్టాను.

"ఏందిమ్మే ఇవి?"

"నీ వాటా అన్నా. నీ చేతికి సరిపోతాయి."

కిటికీ రెక్క గాలికి కొట్టుకోకుండా ఇప్పుడు వాళ్లింట్లో వాటిలో ఒకటి అడ్డం పెడుతున్నారు. పోయినప్పుడల్లా అక్కడే ఉందా అని చూసుకున్నాకే కాఫీ తాగుతాను.