దెబ్బకు ఆగని బిళ్ళ

అది 2012 జూలై పందొమ్మిది, గురువారం. తెల్లవారినప్పటినుంచీ చీపురుపల్లి మీద సన్నని జల్లు పడుతూనే ఉంది. ఊరి చివరి ఇంజనీరింగు కళాశాల ప్రయోగశాలలో కృపానిధి బొత్తామంత బిళ్ళను మెత్తని గుడ్డతో తుడుస్తున్నాడు.

అతడు ఫెర్రో మిశ్రలోహాల కంపెనీ కొలిమి దగ్గర పద్దెనిమిదేళ్ళు పనిచేసి, అది మూతపడ్డాక ఇక్కడ రోజుకూలీ సహాయకుడిగా చేరినవాడు. కంపెనీ యార్డులో లోహపు గడ్డలను సుత్తితో తట్టి, మోతను బట్టి ఏది ఏ కుప్పలోకి పోవాలో చెప్పేవారు కొందరుండేవారు. వారి చెవులు సంగీత విద్వాంసుల చెవులకు తీసిపోయేవి కావు. ఆ విద్యకు బడి లేకపోవడం మన దురదృష్టం. వారిలో కృపానిధి మేటి.

మాలిబ్డినమ్, బోరాన్ పొడులు కలిపి కరిగించగా ఎనిమిది నెలల్లో ముప్పై బిళ్ళలు పగిలాయి, ఇదొక్కటే నిలిచింది. ఇది ఉక్కును గీయగలదు. గడ్డకట్టించే ద్రవ హీలియం చలిలో ముంచితే విద్యుత్తును ఏ అడ్డూ లేకుండా పోనిస్తుందని ప్రయోగశాల నడిపే ఆచార్య నరసింగరావు ఆశ. ఆ రెండు గుణాలూ ఒకే వస్తువులో కుదరడం అరుదు. పరిశోధనకు నిధులిచ్చే కమిటీ మధ్యాహ్నం వచ్చి మెచ్చుకుంటే కృపానిధి ఉద్యోగాన్ని పర్మనెంటు చేయిస్తానని ఆయన మాట ఇచ్చాడు.

కమిటీవారు ముగ్గురు వచ్చారు. గట్టిదనంలో వజ్రం తరువాత ఇదేనని నరసింగరావు ఉపన్యసించాడు. ఉన్న ఒక్క రక్షణ కళ్ళద్దాలను వారిలో పెద్దాయనకు తొడిగి, బిళ్ళను దాగలి దిమ్మ మీద పెట్టించి, కృపానిధిని సుత్తితో కొట్టి చూపమన్నాడు.

కృపానిధి నరసింగరావు చెవి దగ్గరకు వంగాడు. "వద్దు సారూ. ఇది గీతకి లొంగదు గానండి, దెబ్బకి ఆగదు. మోత ఇన్నాను, లోపల సన్న పగులున్నాది."

"ఏటి, నాకు పాఠం చెబుతున్నావా? పద్దెనిమిదేళ్ళు ఆ సుత్తితో ఏం కొట్టావురా, దోమల్నా?"

కమిటీ నవ్వింది. కొట్టకపోతే రేపటినుంచి రానక్కరలేదని ఆయన మెల్లగా అన్నాడు. కృపానిధి కొట్టాడు.

బిళ్ళ ముక్కలైంది. ఒక రవ్వ అతని ఎడమకంట్లో దిగింది. అతడు ముఖం పట్టుకుని కూలబడితే, నరసింగరావు మోకాళ్ళ మీద వంగి నేలమీది ముక్కలు ఏరుకున్నాడు. కూలివాడికి చేతి బరువు తెలియదని కమిటీకి చెప్పాడు. సాయంత్రానికి హాజరు పట్టీలో కృపానిధి పేరు కొట్టివేశారు. ఆసుపత్రిలో కన్ను తీసేశారు.

పెద్ద ముక్కను హైదరాబాదులో చల్లబరిస్తే విద్యుత్ నిరోధం నిజంగానే సున్నా అయింది. వ్యాసం అచ్చయింది, నరసింగరావు ప్రిన్సిపాలు అయ్యాడు. నమూనా రవాణాలో విరిగిందని ఆ వ్యాసంలో ఒక వాక్యం ఉంది.

2018 మార్చిలో ఆయనకు ఒక కవరు వచ్చింది.

"ప్రిన్సిపాలు గారికి కృపానిధి నమస్కారాలు. దేవుని దయవల్ల బాగున్నాను. రామతీర్థం దారిలో క్వారీలో రాళ్ళు తట్టి చూసే పని దొరికింది. దానికి ఒక కన్ను చాలునన్నారు. మీ వ్యాసాన్ని మా అమ్మాయి ప్రిస్కిల్లా చదివి అర్థం చెప్పింది. నా పేరు లేదని రాయడం లేదు. ఆసుపత్రిలో డాక్టరు గారు నా కంట్లోంచి తీసిన రవ్వను చిన్న సీసాలో వేసి ఇచ్చారు. కడిగి దాచాను. ఇనుముతో గీసి చూశాను, గీత పడలేదు. రెండో గుణం చూడడానికి నా దగ్గర హీలియం లేదు. సీసా ఈ కవరులోనే ఉంది. మీరు పరీక్ష చేయించి, ఆ గుణం దీనికీ ఉందో లేదో ఒక కార్డు రాయండి. చూశాక పారేయకండి, తిరిగి పంపండి. అది నాది."